పెద్ద డాక్టరుకు వ్రాసిచ్చు చీటీ

ఇంగ్లండు దేశమున ఛాతీలో మంట పుట్టినవాడు గాని, నెలల తరబడి నడుమునొప్పితో బాధపడుచున్న యిల్లాలు గాని తిన్నగా గుండె నిపుణుని యొద్దకో ఎముకల నిపుణుని యొద్దకో పోయి కూర్చుండుటకు వీలులేదు. 1948 జూలై 5వ తేదీన అచ్చటి నేషనల్ హెల్త్ సర్వీసు అవతరించిన నాటినుండి నేటివఱకు నడచుచున్న పద్ధతి యేమనగా, ప్రతి మనిషియు తన పేటలోని జనరల్ ప్రాక్టీషనరు, వాడుకలో జీ.పీ., యొద్ద పేరు నమోదు చేయించుకొనవలెను. ఏ జబ్బుకైనను ముందు ఆయనకే చూపించుకొనవలెను. ఆయన విని, చూచి, నొక్కి, అవసరమని తోచినచో ఆసుపత్రిలోని నిపుణునికి ఉత్తరము వ్రాయును. ఆ ఉత్తరము పోయిన పిదప వారములకో నెలలకో ఔట్‌పేషెంటు విభాగమునకు రమ్మని రోగికి కబురు వచ్చును. ప్రాణము మీదికి వచ్చినప్పుడు అత్యవసర విభాగము ఎల్లవేళల తెఱచియే యుండును, మఱి కొన్ని ప్రత్యేక క్లినిక్కులకు చీటీ అక్కఱలేదు. తక్కినదంతయు ఆ జీ.పీ. గదిగుండ సాగవలసినదే. హాలండు, డెన్మార్కు, నార్వే దేశములలోను ఇంచుమించు ఇదే యేర్పాటు.

మన తెలుగు ప్రాంతములలో ఇట్టి ద్వారపాలకుడు లేడు. గుంటూరులోగాని హైదరాబాదులోగాని చేతిలో పైకమున్నవాడు ఉదయము చర్మవైద్యుని, సాయంకాలము నరముల డాక్టరును చూడవచ్చును. ఎవరు పంపిరని అడుగువారుండరు. "కాకినాడ పెద్దాసుపత్రికి వ్రాసినారు" అను మాట పల్లెలలో వినబడును గాని, ఆ వ్రాతకన్న ఊరి ఆరెంపీగారు నోటితో చెప్పి, తోడుగా పోయి, కమీషను పుచ్చుకొని చేర్పించు కార్పొరేటు ఆసుపత్రి దారియే రద్దీగా నుండును. కావున నిపుణుని చూచుట కేవలము డబ్బు సంగతి యని మనకు తోచును. రోగి నిపుణునికి కాసు చెల్లింపనక్కఱలేని దేశమున ఎవరు నిపుణుని చేరుచున్నారు, ఎవరు చేరుటలేదు అని పరిశీలించినచో, డబ్బను పెద్ద అడ్డు తొలగిన తరువాత మిగిలిన అడ్డులు ఒక్కొక్కటిగా కంటబడును. ఈ విషయమున ఇంగ్లండు మంచి పరిశోధనాక్షేత్రమగుట అందువలననే.

మిగిలినవి చిన్నవి కావు. 1971లో వేల్సులోని గ్లిన్‌కోరుగ్ అను గనికార్మికుల గ్రామమున వైద్యము చేయుచుండిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, మంచి వైద్యము ఎవరికి మిక్కిలి అవసరమో వారికే మిక్కిలి తక్కువగా దొరకుచున్నదనియు, వైద్యములో బజారు పోకడ హెచ్చినకొలది ఈ వైపరీత్యమును హెచ్చుననియు ప్రతిపాదించెను. ఆయన దృష్టిలో నుండినది వర్గభేదము. జాతిభేదమును, అనగా చర్మవర్ణము, తాతముత్తాతల దేశము, మాతృభాష, మతము కలగలిసిన ఆ చిక్కుముడిని, కొలుచుటకు మఱి రెండు దశాబ్దములు పట్టినది. బ్రిటను జనాభా లెక్కలలో జాతివర్గమును గూర్చిన ప్రశ్న మొట్టమొదట 1991లో గాని అడుగబడలేదు. ఆసుపత్రిలో చేరిన రోగుల జాతిని తప్పక నమోదు చేయవలెనను నియమము 1995లో వచ్చెను. అందాక పరిశోధకులు పెక్కుమార్లు పేర్లను చూచి జాతిని ఊహించుచుండిరి. బ్రాడ్‌ఫర్డు ఆరోగ్యాధికారులు ఇందుకై 'నామ్ పహెచాన్' అను కంప్యూటరు ప్రోగ్రామునే చేయించిరి. రోగుల జాబితాను దానికి అందించినచో ఇవి దక్షిణాసియా పేర్లు, ఇవి కావు అని అది వేఱుచేసి యిచ్చును. జనాభా పట్టికలోనైన, బ్రిటనులో స్థిరపడిన తెలుగువాడు 'ఇండియన్' అను గడిలో పంజాబీతోను గుజరాతీతోను కలిసిపోవును. గోంగూర తిని పెరిగినవానికిని మక్కెరొట్టె తిని పెరిగినవానికిని అక్కడ ఒకే లెక్క. ఈ గళ్ళు ఎంత మొఱటువో గుర్తుంచుకొనియే ముందుకు సాగవలెను.

గళ్ళు మొఱటువైనను వానిలోనుండి ఒక విచిత్రమైన చిత్రము మరల మరల పైకి వచ్చినది. 1997లో స్మాజే, లెగ్రాండ్ అను పరిశోధకులును, 2005లో మారిస్, సటన్, గ్రావెల్ అనువారును ప్రభుత్వ సర్వేల సమాచారమును తీసికొని, వయస్సును, స్త్రీపురుష భేదమును, రోగి తానుగా చెప్పుకొన్న అనారోగ్యమును సరిపెట్టి లెక్కించిరి. అల్పసంఖ్యాక జాతులవారు జీ.పీ. యొద్దకు తెల్లవారికన్న తక్కువగా పోవుచుండలేదు సరికదా, మొత్తముమీద ఎక్కువగానే పోవుచుండిరి. ఆసుపత్రిలోని నిపుణుని యొద్దకు మాత్రము తక్కువగా చేరుచుండిరి. చీనా సంతతివారు మాత్రము రెండు చోట్లను తక్కువగానే కనబడిరి. వైద్యుని వాకిలి తట్టుటకు వీరికి చేతకాదనియో, ఇష్టము లేదనియో, నాటువైద్యమునే నమ్ముకొని యుందురనియో చెప్పు వాదము దీనితో కూలిపోయెను. వాకిలి తట్టుచున్నారు, లోపల కూర్చుండుచున్నారు, మందు చీటీతో ఇంటికి పోవుచున్నారు. పెద్ద డాక్టరుకు వ్రాసిచ్చు చీటీ మాత్రము వారికి అంతగా అందుటలేదు.

ఇక్కడ తొందరపడరాదు. తక్కువ అనగా దేనికి తక్కువ? అందఱికిని సమానముగా చీటీలు వ్రాసిన యెడల న్యాయము జరిగినట్లు కాదు, ఏలయనగా అవసరము అందఱికిని సమానము కాదు. దక్షిణాసియా సంతతివారికి మధుమేహము బ్రిటనులోని తెల్లవారికన్న చాల హెచ్చు, పడుచుతనముననే దాపురించును. గుండెపోటు మరణములును హెచ్చు. వారిని తెల్లవారితో సమానముగా పంపినను అది లోపమే. ఇంకొక చిక్కు కూడ కలదు. ఒక జీ.పీ. పంపు రోగుల సంఖ్యకును మఱొక జీ.పీ. పంపు సంఖ్యకును మూడు నాలుగు రెట్ల భేదముండుట సామాన్యమని పెక్కు పరిశీలనలు తేల్చినవి. ఎక్కువగా పంపువాడే మంచి వైద్యుడనుటకు ఆధారము లేదు. కావున తెల్లవారి సంఖ్యను కొలబద్దగా పట్టుకొని తక్కినవారు దానికి ఎంత దిగువన ఉన్నారని కొలుచుటలో, తెల్లవారికి అనవసరముగా వ్రాసిన చీటీలు కూడ కొలబద్దలో చేరిపోవుచున్నవి. నిజమైన కొలబద్ద రోగమే. ఫలాని రోగము, ఫలాని దశ. పంపవలసినవారిలో ఎందఱిని పంపిరి? ఈ విధముగా ప్రశ్న వేసిన పరిశోధనలు కొద్ది, కాని విలువైనవి.

ఇట్టి లెక్కలు వెలువడినప్పుడెల్ల అనుమానము మొట్టమొదట వైద్యుని మనస్సుమీదికి పోవును. పత్రికలకును అదియే ఇష్టము. కథకు ఒక దుష్టపాత్ర దొరకును. ఈ అనుమానమును సూటిగా పరీక్షించిన ప్రయోగము అమెరికాలో జరిగినది. షుల్మన్ ప్రభృతులు రెండు వైద్యసంఘముల మహాసభలకు వచ్చిన 720 మంది వైద్యులను ఒక్కొక్కరిగా కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, ఛాతీనొప్పిని గూర్చి చెప్పుకొనుచున్న ఒక రోగి చిత్రమును చూపిరి. రోగులు నిజముగ నటులు, ఎనమండుగురు: తెల్లవారు, నల్లవారు, పురుషులు, స్త్రీలు, 55 ఏండ్లవారు, 70 ఏండ్లవారు. అందఱికిని ఒకే ఆసుపత్రి గౌను, ఒకే వెలుతురు, ఒకే సంభాషణ. చివరకు వైద్యుని అడిగిన ప్రశ్న: గుండె రక్తనాళములలోనికి సన్నని గొట్టమును పంపి చేయు క్యాథెటరైజేషను పరీక్షకు ఈ మనిషిని పంపుదువా? ఫలితము 1999లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' లో వెలువడెను. తెల్లవారితో పోల్చినప్పుడు నల్లవారికి 'ఆడ్స్ నిష్పత్తి' 0.6 అని అందులో నుండెను. మఱునాడు దేశమంతటను పత్రికలును టెలివిజనును నల్లవారిని గుండె పరీక్షకు పంపుట 40 శాతము తక్కువ యని చాటినవి.

ఆ సంవత్సరముననే అదే పత్రికలో ష్వార్ట్జ్, వొలోషిన్, వెల్చ్ అను మువ్వురు ఈ అంకెను విప్పి చూపిరి. తెల్ల పురుషులలో పంపదగినదని వైద్యులు చెప్పినది నూటికి 90.6, నల్ల పురుషులలో 90.6, తెల్ల స్త్రీలలో 90.6, నల్ల స్త్రీలలో 78.8. నల్లవారి నందఱిని కలిపినచో 84.7. ఆడ్స్ అనగా పంపినవారి సంఖ్యను పంపనివారి సంఖ్యచే భాగించగా వచ్చునది. తెల్లవారికి 90.6ను 9.4చే భాగించిన 9.6, నల్లవారికి 84.7ను 15.3చే భాగించిన 5.5, ఈ రెంటి నిష్పత్తియే 0.6. సంభావ్యత రీత్యా చూచినచో 84.7 అనునది 90.6కన్న నూటికి దాదాపు ఏడు వంతులు మాత్రమే తక్కువ. అందఱినీ పంపుచున్న చోట పంపనివారి చిన్న సంఖ్య కొంచెము పెరిగినను ఆడ్స్ ఒక్కసారి పడిపోవును. ఆ పతనమును జనుల సంఖ్యగా చదువుట లెక్కలలో పొరపాటు. పత్రిక సంపాదకులును ఆ నిష్పత్తిని అట్లు వెలువరింపనిచ్చుట తమ బాధ్యతయే యని ఒప్పుకొనిరి. అయినను ఈ సవరణను పట్టుకొని సమస్యయే లేదని ఎగిరి గంతులు వేసినవారిదియు తొందరపాటే. అవే మాటలు, అదే నొప్పి, అదే గౌను. ఆడుదియు నల్లదియు నైన మనిషికి నూటికి పండ్రెండు చీటీలు తగ్గినవి. వర్ణమొక్కటియు, స్త్రీత్వమొక్కటియు చేయని పనిని రెండును కలిసి చేసినవి. అదియును, తీరికగా కూర్చుండి, తనను పరిశీలించుచున్నారని యెఱిగి సమాధానము చెప్పిన వైద్యుల చేత.

నటులను విడిచి నిజమైన రోగుల యొద్దకు వచ్చినచో అంతరము పెరుగును. అదే 1999లో, అదే పత్రికలో, అయానియన్ ప్రభృతులు క్రొత్తగా డయాలిసిస్ మొదలుపెట్టిన అమెరికనులను అడిగి తెలిసికొన్న సంగతులు వెలువడెను. కిడ్నీ మార్పిడి కావలెనని కోరినవారు తెల్ల పురుషులలో 85.5 శాతము, నల్ల పురుషులలో 80.7, తెల్ల స్త్రీలలో 79.3, నల్ల స్త్రీలలో 76.3. కోరికలో భేదము స్వల్పము. మార్పిడి కేంద్రమునకు పరీక్షకై పంపబడినవారో, తెల్ల పురుషులలో 76.2 శాతము, నల్ల పురుషులలో 53.9, తెల్ల స్త్రీలలో 70.5, నల్ల స్త్రీలలో 50.4. అలబామాలోని టస్కీగీలో 1932 మొదలు 1972 వఱకు సిఫిలిస్ రోగులైన నల్లవారిని చికిత్స చేయక కేవలము గమనించుచు వచ్చిన అమానుషమును తలచుకొని, నల్లవారికి వైద్యులయందు నమ్మకము లేదు, అందుచే వారే వద్దందురు అని చెప్పుట అమెరికాలో పరిపాటి. అవిశ్వాసము ఉండవచ్చును, అది న్యాయమే కూడ. కాని మూడు నుండి అయిదు శాతపు కోరికల భేదము ఇరువది శాతపు చీటీల భేదమును పుట్టింపజాలదు.

మఱి యీ భేదము ఎక్కడ పుట్టుచున్నది? ఎట్టి వైద్యుడు అను ప్రశ్నకన్న ఏ వైద్యుడు అను ప్రశ్న ఎక్కువ ఫలవంతమని నా తలంపు. 2004లో బాక్ ప్రభృతులు అమెరికాలో ప్రభుత్వ బీమాగల వృద్ధుల వైద్యసందర్శనములను పరిశీలించి, నల్లవారి సందర్శనములలో 80 శాతము కేవలము 22 శాతము వైద్యుల యొద్దనే జరుగుచున్నవని కనుగొనిరి. ఆ కొద్దిమంది వైద్యులు తమ రోగులకు మంచి నిపుణుల అపాయింటుమెంటు దొరకుట, మేలైన స్కానింగు దొరకుట తక్కినవారికన్న కష్టముగా నున్నదని చెప్పిరి. దీని ఫలితమును ఆలోచింపుడు: ప్రతి వైద్యుడును తన గదిలో తెల్లవానిని నల్లవానిని ఒక్క కంటనే చూచుచు, నిప్పువలె నిష్పాక్షికుడై యున్నను, మొత్తము దేశపు లెక్కలో నల్లవారికి చీటీలు తక్కువగానే తేలును. ఇళ్ళు ఏ పేటలో నున్నవో, ఆ పేటలో ఏ వైద్యుడు గది తెఱచెనో, ఆ వైద్యుని ఫోనునకు ఏ ఆసుపత్రి పలుకునో, దానిమీద ఆధారపడినది ఈ లెక్క.

బ్రిటనులో ఈ కథ మనవారి గుమ్మము ముందుగుండ పోవును. 1960, 70 దశకములలో లండను నడిబొడ్డు మురికిపేటలలోను, ఉత్తరాది మిల్లు పట్టణములలోను, వేల్సు బొగ్గులోయలలోను, స్వదేశపు పట్టభద్రులు పోనొల్లని జీ.పీ. స్థానములను నింపినవారు పెక్కుమంది భారత ఉపఖండపు డాక్టర్లు. మన విశాఖపట్నపు ఆంధ్ర వైద్యకళాశాలలోను, హైదరాబాదు ఉస్మానియాలోను చదివినవారును వారిలో కలరు. వారెందుకు అచ్చటికే పోయిరనుటకు ఒక చిన్న నిదర్శనము. 1993లో ఎస్మాయిల్, ఎవరింగ్టన్ అను ఇద్దరు డాక్టర్లు ఆసుపత్రి ఉద్యోగములకు ఒకే చదువు, ఒకే అనుభవముగల కల్పిత దరఖాస్తులను, కొన్నిటిమీద ఇంగ్లీషు పేర్లు, కొన్నిటిమీద ఆసియా పేర్లు పెట్టి పంపిరి; ఇంటర్వ్యూకు పిలుపు ఇంగ్లీషు పేర్లకే ఎక్కువగా వచ్చెను; పరిశోధన పూర్తి కాకముందే మోసపు దరఖాస్తులు పంపిరన్న అభియోగముతో పోలీసులు ఆ డాక్టర్లనే నిర్బంధించిరి. ఈ విధముగా పక్కకు నెట్టబడిన వైద్యుడు, పక్కకు నెట్టబడిన పేటలో, పొడవైన రోగుల జాబితాతో, ఆసుపత్రి నిపుణులతో సహాధ్యాయుల పరిచయమేమియు లేక, తన భాషయే మాటలాడు రోగిని చీటీ లేకుండ పంపెనన్నచో దానిని వర్ణద్వేషమనుట పొసగదు. అట్లని వర్ణద్వేషమునకు సంబంధము లేదనుటయు పొసగదు. అది ఒక మెట్టు వెనుక జరిగినది.

ఇక గది లోపలి పది నిమిషములు. 2010లో ఇంగ్లండంతట క్యాన్సరు రోగులకు పంపిన ప్రశ్నాపత్రములో, ఆసుపత్రికి పొమ్మనుటకు ముందు జీ.పీ.ని ఎన్నిసార్లు చూచితిరని అడిగిరి. ల్యారట్జోపులోస్ ప్రభృతులు ఇరువదినాలుగు రకముల క్యాన్సరులకు చెందిన 41,299 మంది సమాధానములను విశ్లేషించి 2012లో ప్రకటించిరి. నాలుగింట మూడు వంతులకు పైగా రోగులు ఒకటి రెండు చూపులతోనే చీటీ పొందిరి. కాని ఇది రోగమును బట్టి మాఱును: రొమ్ము క్యాన్సరు వచ్చినవారిలో మూడు అంతకు మించినసార్లు తిరిగినవారు నూటికి 7.4 మాత్రమే, ఎముకల మూలుగలో పుట్టు మైలోమా అను క్యాన్సరులో 50.6. రొమ్ములోని గడ్డను వేలితో చూపవచ్చును, భాషతో పనిలేదు. మైలోమాకు నడుమునొప్పి, నిస్సత్తువ, రక్తహీనత. ఇవి వేయి రోగములకు గల లక్షణములు, అందుండి దీనిని వెదకి పట్టుటకు రోగి చెప్పు వివరములే దిక్కు. జాతుల విషయమునకు వచ్చిన, మూడు అంతకు మించి తిరుగుటకు ఆడ్స్ నిష్పత్తి తెల్లవారితో పోల్చగా ఆసియావారికి 1.73, నల్లవారికి 1.83, పై లెక్క చదివిన పాఠకుడు దీనిని 73 శాతము ఎక్కువమంది యని పొరబడడు, కాని తేడా ఉన్నదనుట నిశ్చయము. ఆ మైలోమా నల్లవారికి తెల్లవారికన్న రెండింతలుగా వచ్చుననుట ఇచ్చట చేర్చుకొనవలసిన సంగతి.

లండనులోని టవర్ హామ్లెట్స్ పేటలో సిల్హెటీ బంగ్లా మాటలాడు ఒక ముదుసలి జీ.పీ. ముందు కూర్చున్నదనుకొందము, దుబాసి దొరకలేదు, బడి మానిపించి తెచ్చిన పన్నెండేండ్ల మనుమడే దుబాసి. ఆమె నొప్పి ఎప్పుడు మొదలైనదో, రాత్రి వేళ నిద్రలేపునో లేదో, పడుకొన్నప్పుడు తగ్గునో హెచ్చునో చెప్పుచున్నది. ఒక్కొక్క మాటయు రోగనిర్ణయమునకు అమూల్యము. పిల్లవాడు అంతయు విని "ఒళ్ళంతా నొప్పులంటున్నది" అని మూడు మాటలలో ముగించును. మూత్రము సంగతి, కడుపు దిగువ సంగతి ఆమెయే వానితో చెప్పదు. ఆ మూడు మాటలకు వైద్యుడిచ్చునది పారసిటమాలు. ఆసియా స్త్రీల ఒళ్ళునొప్పుల నివేదనకు బ్రిటిషు వైద్యులలో కొందఱు వేళాకోళపు పేరొకటి కూడ పెట్టిరి. నవ్వినంతసేపు పట్టదు, ఒక రక్తపరీక్షకు వ్రాయుటకు: ఎండ చాలని దేశమున, ఒంటినిండ వస్త్రము కప్పుకొను స్త్రీలకు డి విటమిను లోపించి ఎముకలు మెత్తబడుట, దానివలన ఒళ్ళంతయు నొప్పులు పుట్టుటను గ్లాస్గో వైద్యులు 1960ల నుండి వర్ణించుచునే యుండిరి, 1981లో ప్రభుత్వము ఆసియా కుటుంబములలో రికెట్సు నివారణకు ప్రత్యేకముగా ప్రచారోద్యమమును నడపెను.

రోగులే ఆలస్యము చేయుదురన్న మాటను కూడ తూచి చూడవలెను. 1997లో చతుర్వేది ప్రభృతులు లండనులో హిందువులకును సిక్కులకును ఐరోపావారికిని ఛాతీనొప్పిని వర్ణించు చిన్న కథను పంపి, మీకే యిట్లు జరిగినచో ఏమి చేయుదురని అడుగగా, తక్షణమే వైద్యసహాయమునకు పోయెదమని చెప్పినవారు ఐరోపావారిలోకన్న మనవారిలోనే ఎక్కువ. 2002లో ఫెడర్ ప్రభృతుల పరిశీలన మఱి కొంత దూరము పోయినది. లండను ఆసుపత్రులలో ఆంజియోగ్రాము చేయించుకొన్న రోగులను తీసికొని, వీరిలో ఎవరికి బైపాస్ శస్త్రచికిత్స తగునో నిపుణుల మండలిచే ముందుగా నిర్ణయింపజేసిరి. తగునని తేలినవారిలో దక్షిణాసియావారికి ఆ శస్త్రచికిత్స తెల్లవారికన్న తక్కువగా జరిగినది. అయితే చికిత్స చేయించుకొమ్మని వైద్యులు సిఫారసు చేయుటలో మాత్రము భేదము కనబడలేదు. చీటీ వ్రాయబడినది, ఆ పిదప తేదీలు, వాయిదాలు, ఇంగ్లీషులో వచ్చు ఉత్తరములు, ఒప్పుకోలు పత్రములు, ఇంటిపెద్దల సంప్రదింపులు గల ఆ సుదీర్ఘమార్గమున ఎక్కడనో మనిషి జారిపోయెను. వైద్యుని గదిలో దోషిని వెదకువారు ఈ మార్గమువైపు చూడరు.

దీనికి ఎదురుగా వైట్‌హాల్ ఉద్యోగుల ఉదాహరణమును పెట్టి చూడవలెను. 1985 నుండి 88 వఱకు లండనులోని 10,308 మంది సివిలు ఉద్యోగులను చేర్చుకొని ప్రారంభించిన ఆ దీర్ఘ పరిశోధనలో గుండె పరీక్షలు, చికిత్సలు ఎవరికి ఎంత దొరకెనో 2004లో బ్రిటన్ అను పరిశోధకురాలు సహచరులతో లెక్కించెను. అవసరమును సరిపెట్టిన పిదప దక్షిణాసియా ఉద్యోగులకు ఏమాత్రమును తక్కువ దొరకలేదు. వీరు నెల జీతగాండ్రు, ఇంగ్లీషులో ఫైళ్ళు వ్రాయువారు, ఆఫీసు ఫోనునుండి ఆసుపత్రికి ఫోను చేసి తేదీ యడుగగలవారు. చర్మవర్ణము అదియే, గుండె అదియే, దేశమదియే. భాషయు ఉద్యోగమును మాఱగానే అంతరము మాయమైనది.

చీటీ అందనివాడు రోగము లేనివాడై పోడు. మఱొక ద్వారమున వచ్చును. బ్రిటనులో మానసిక వైద్యము దీనికి కఠినమైన సాక్ష్యము. నల్లజాతివారు జీ.పీ. చీటీతో మనోవైద్యుని చేరుట తక్కువ. పోలీసుల చేతిమీదుగ, మానసిక ఆరోగ్య చట్టము క్రింద నిర్బంధముగా ఆసుపత్రికి చేరుట ఎక్కువ. ఈ మధ్య సంవత్సరముల లెక్కలలో వారి నిర్బంధపు రేటు తెల్లవారి రేటునకు సుమారు నాలుగు రెట్లు. ఆసుపత్రి లెక్కలలో మొత్తము సంఖ్య మాత్రమే చూచువానికి నల్లవారికి మనోవైద్యము పుష్కలముగా అందుచున్నట్లు తోచును.

ఇంతవఱకు చెప్పినదంతయు మనుష్యుల సంగతి. మనిషి ప్రమేయమే లేని చోట, ల్యాబు కాగితము మీది ఒక గుణకములో, ఈ భేదము ఎట్లు దూరి కూర్చున్నదో చెప్పక తప్పదు. కిడ్నీలు ఎంత వడపోయుచున్నవో తిన్నగా కొలుచుట శ్రమ. కండరములనుండి పుట్టు క్రియాటినిన్ రక్తములో ఎంత నిలిచినదో చూచి, వయస్సు, స్త్రీపురుష భేదము చేర్చి సూత్రముతో అంచనా కట్టుదురు. 1999లో వచ్చిన ఎం.డి.ఆర్.డి. సూత్రమును, 2009లో వచ్చిన సి.కె.డి.-ఎపి సూత్రమును కట్టినవారికి తమ సమాచారములో నల్లవారికి అదే వడపోతకు క్రియాటినిన్ హెచ్చుగా కనబడెను. నల్లవారికి కండలు ఎక్కువ గనుక అని బలహీనమైన వివరణ చెప్పుకొని, నల్లవారి ఫలితమును రెండవ సూత్రములో 1.159తో గుణించిరి. అమెరికాలో ల్యాబు రిపోర్టులపై చాల ఏండ్లు రెండేసి వరుసలు అచ్చయ్యెను: రోగి ఆఫ్రికన్ అమెరికనైనచో ఇంత, కానిచో ఇంత. తల్లి తెల్లది, తండ్రి నల్లవాడైన మనిషికి ఏ వరుస చదువవలెనో సూత్రము చెప్పలేదు.

ఈ అంకె మీదనే చీటీ ఆధారపడియున్నది. అంచనా 30కి దిగినప్పుడు కిడ్నీ నిపుణునికి పంపుట సామాన్య నియమము. 20కి దిగినప్పుడు మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలము లెక్కకు వచ్చును. ఆ గుణకమున్న నాళ్ళలో, ఒకే వయస్సు, ఒకే క్రియాటినిన్ గల ఇద్దరిలో తెల్లవాని అంచనా 27 అయినచో నల్లవానిది 31. వాడు నిపుణునికి పోవును, వీడు ఇంటికి పోవును. తెల్లవాని అంచనా 18 అయినచో నల్లవానిది 20.9, వానికి నిరీక్షణ మొదలైనది, వీనికి కాలేదు. కిడ్నీలు పూర్తిగా చెడుట నల్లవారిలో తెల్లవారికన్న సుమారు మూడు రెట్లుండగా ఈ గుణకము వారికే తగిలినది. ద్వేషము గల వైద్యుడెవడును అక్కఱలేకయే, తెల్లకోటు తొడిగిన నల్ల వైద్యుడే రిపోర్టు చదివినను, ఫలితము ఇదియే.

2021లో అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషనును కిడ్నీ వైద్యుల సంఘమును నియమించిన కార్యవర్గము జాతి గుణకము లేని క్రొత్త సూత్రమును వాడవలెనని సిఫారసు చేసెను. ఆ యేడే ఇంగ్లండులో వైద్యమార్గదర్శకములను వెలువరించు నైస్ సంస్థయు వానినుండి జాతి సవరణను తొలగించెను. 2022లో అమెరికాలో అవయవముల పంపకమును నిర్వహించు జాతీయ సంస్థ పాత సూత్రమును నిషేధించి, మఱుసటి సంవత్సరము జనవరి నుండి మార్పిడి కేంద్రములన్నియు తమ జాబితాలలోని నల్లరోగులను వెదకి, గుణకము లేనిచో ఏ తేదీకి 20కి దిగియుందురో పాత రిపోర్టులను బట్టి తేల్చి, నిరీక్షణ కాలమును ఆ తేదీకి వెనుకకు జరుపవలెనని శాసించెను. 2024 మార్చి నాటికి ఇట్లు 14,000 మందికి పైగా రోగుల కాలము సవరింపబడెను, సగటున ఒక్కొక్కరికి ఇంచుమించు రెండేండ్లు. కొందఱు ఆ సవరణతో జాబితా పైభాగమునకు వచ్చి కిడ్నీ పొందిరి. ఎన్నడో వేఱొక ఊరిలో, వేఱొక ల్యాబులో చేయించుకొన్న క్రియాటినిన్ కాగితమును సంపాదించుట ఆయా కేంద్రముల సిబ్బంది వంతు. జాబితాలో పేరున్నవారికే ఈ సవరణ వర్తించును. 31 అని చదివి ఇంటికి పంపబడి, జాబితా వఱకు చేరనివారికి వర్తింపదు.